చీతాల నడుమ చెదరని చూపు

1954. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం. బోకా రాటన్‌లోని 'ఆఫ్రికా యూఎస్ఏ' జంతు ప్రదర్శనశాల. ఎండలో రెండు చీతాలు. వాటి నడుమ, చిరుతపులి మచ్చల దుస్తుల్లో పిన్-అప్ మోడల్ బెట్టీ పేజ్. నల్లటి జుట్టు నుదుటి మీదికి తిన్నగా కత్తిరించి ఉంది. ఆ దుస్తులు ఆమె స్వయంగా కుట్టుకున్నవే. కెమెరా పట్టుకున్నది మహిళా ఫొటోగ్రాఫర్ బన్నీ యేగర్. బెట్టీకి 31 ఏళ్లు, బన్నీకి పాతిక.

గోడకు గుచ్చుకునే అందగత్తెల బొమ్మలే పిన్-అప్‌లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అవి సైనికుల వెంట దేశదేశాలు తిరిగాయి. 1943లో ఫ్రాంక్ పవోల్నీ తీసిన బెట్టీ గ్రేబుల్ ఫొటో వాటిలో మేటి. తెల్లటి ఈతదుస్తుల్లో అటు తిరిగి నిలబడి, భుజం మీదుగా ఇటు చూసి నవ్వే ఆ భంగిమ ఎందరికో ఒరవడి అయింది. తీసేదీ, కొనేదీ ఎక్కువగా మగవాళ్లే అయిన ఈ రంగంలోకి బన్నీ అడుగుపెట్టింది.

ఆమె అంతకుముందు మయామీలో పేరున్న మోడల్. తన ఫొటోలకు నకళ్లు తీయించుకునే ఖర్చు తప్పుతుందని 1953లో ఫొటోగ్రఫీ తరగతిలో చేరింది. ఎలా నిలబడితే నడుము పట్టేస్తుందో, ఎంతసేపటికి నవ్వు బిగుసుకుపోతుందో ఆమెకు అనుభవమే. మోడళ్ల కోసం బికినీలు తానే కుట్టేది.

ఆమె పనితనం ఎండలో తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ముఖం మీద వెలుగు నిలువుగా పడి, కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు కడతాయి. బన్నీ అంత ఎండలోనూ ఫ్లాష్ వెలిగించేది. నీడలు పలచబడి కళ్లు విచ్చుకునేవి. పిన్-అప్‌కు ప్రాణం ఆ కళ్లే. ఒంటి వంపులు చూపించే ఫొటోలు కోకొల్లలు. మనం చూస్తున్నామని తెలిసి, బెదరకుండా, సరదాగా మనవైపే తిరిగి చూసే మనిషి దొరకడమే అరుదు. బెట్టీలో బన్నీ పట్టుకున్నది ఆ ధీమానే. 1955 జనవరి 'ప్లేబాయ్' సంచికలో వచ్చిన ఫొటో కూడా బన్నీదే. క్రిస్మస్ చెట్టు ముందు శాంటా టోపీతో మోకరిల్లిన బెట్టీ అందులో కన్ను గీటుతుంది. ఆ కొంటెతనంలో బతిమాలడం లేదు, సిగ్గుపడటం లేదు.

1957లో బెట్టీ మోడలింగ్ వదిలేసింది. తర్వాత మానసిక అనారోగ్యంతో ఆసుపత్రుల్లో ఏళ్లు గడిపింది. 1980ల్లో ఆమె బొమ్మలకు మళ్లీ మోజు పుట్టినా, తొలినాళ్లలో వాటి మీద వచ్చిన సొమ్ము ఆమెకు చేరలేదు. 2008లో ఆమె, 2014లో బన్నీ కన్నుమూశారు. బన్నీ ఫొటోలకు మ్యూజియం గౌరవం మాత్రం బతికుండగానే దక్కింది: 2010లో పిట్స్‌బర్గ్‌లోని ఆండీ వార్హోల్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది.

పాత పిన్-అప్ ఫొటోను అంచనా కట్టేటప్పుడు నేను చూసేది ఒకటే: బొమ్మలోని స్త్రీని మనం మాత్రమే చూస్తున్నామా, ఆమె కూడా మనల్ని చూస్తోందా? మొదటి రకానికి మోజు తీరగానే కాలం చెల్లుతుంది. రెండో రకం కళ. బట్ట కుట్టుకున్న బెట్టీ చేతిని, నీడను గెలిచిన బన్నీ కంటిని కలిపి చూడండి. ఈ చీతాల ఫొటోలకు ఆ రెండో వరసలో ముందు పీట వేయాల్సిందే. వాటి కింద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో అచ్చువేయాల్సిందే.