పేరును కాడికి కడతామా?

యురేనియం గని వచ్చాక మా తుమ్మలపల్లె పేరు పేపర్లకెక్కింది గానీ, ఈ చుట్టుపక్కల తిరునాళ్లలో జనం ఎగబడేది ఇప్పటికీ బండలాగుడు దగ్గరే. అక్కడ ఎద్దు వయసు దాచడం కుదరదు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోరు చూసే విభాగాలు. ఆ పైన సీనియర్లు. చిన్నప్పుడు ఒక బేరం దగ్గర నిలబడి చూశాను. బోలెడు పందేలు గెలిచిన ఎద్దు, ధర ఆకాశంలో ఉంది. కొనడానికొచ్చిన పెద్దాయన మూతి పట్టుకొని, పెదవి పైకెత్తి, బొటనవేలితో పళ్లు తడిమాడు. పక్కనున్న కుర్రాడు "దీని పేరు చాలు మామా" అంటే, "పేరును కాడికి కడతామా అబ్బీ?" అన్నాడు. అయినా చివరికి కొన్నాడు. ఇంట్లో ఉన్న ఆరు పళ్ల గిత్తకు అది జత కుదురుతుందని తేల్చుకున్నాకే.

వయసు మీరిన ఫుట్‌బాల్ తారకు కోట్లు పోయడం సబబేనా అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ బొటనవేలే గుర్తొస్తుంది. మన హైదరాబాద్ ఆట చరిత్రంతా ఒక రకంగా ఈ బేరం చరిత్రే.

మొదట్లో హైదరాబాద్ కొనేది కాదు, పెంచేది. 1950 నుంచి సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. జీతం పోలీసు శాఖది, ఆట రహీం సాబ్‌ది. వేలం లేదు, బదిలీ రుసుం లేదు. కాళ్లలో చేవ తగ్గినా ఉద్యోగం నిలిచేది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో మన నగరం కుర్రాళ్లు ఎందరో.

డబ్బు కలకత్తాలో ఉండేది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1963లో జబ్బు పడి, ముప్ఫై నిండకుండానే బూట్లు విప్పేశాడు. అదే ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. మూడేళ్లకు మహమ్మద్ హబీబ్ కూడా బలరాం దారే పట్టి, పదిహేనేళ్లకు పైగా కలకత్తా పెద్ద క్లబ్బుల మధ్యే తిరిగాడు. మనం పాలపళ్ల గిత్తలను పంపించాం, వాళ్లు అరక కట్టుకున్నారు.

ముసలి తారను కొనడం అంటే ఏమిటో లోకానికి చూపించింది న్యూయార్క్ కాస్మోస్. 1975లో, శాంటోస్‌కు వీడ్కోలు చెప్పేసిన పేలేను, 34 ఏళ్ల వయసులో భారీ ఒప్పందంతో అమెరికాకు రప్పించారు. ఆ జట్టే 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడి 2-2తో గట్టెక్కింది. బగాన్ గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది! పేలే కోసం కొన్న టికెట్‌తో జనం హబీబ్‌ను చూశారు. పేలే వల్ల అమెరికాలో మైదానాలు నిండిన మాట నిజమే. కాస్మోస్ ఆడిన ఆ అమెరికా లీగ్ 1984 సీజన్‌తో మూతపడిన మాటా నిజమే.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు మనవాళ్లు కాస్మోస్ పాఠంలో మొదటి సగమే చదివారు. ప్రతి జట్టుకూ ఒక 'మార్కీ' ఆటగాడు, అంటే పెద్ద పేరున్న తార. ఢిల్లీకి దెల్ పియెరో, 39 ఏళ్లు. గోవాకు పిరెస్, 40. దెల్ పియెరో ఆ సీజన్ మొత్తంలో కొట్టింది ఒక్క గోల్, ఢిల్లీ సెమీస్‌కే చేరలేదు. ఫైనల్లో అట్లెటికో ద కోల్‌కతాకు కప్పు తెచ్చిన గోల్ ఆఖరి నిమిషాల్లో మహమ్మద్ రఫీక్ అనే బెంగాలీ కుర్రాడు కొట్టాడు. వయసును నేను తప్పుపట్టను. అప్పటికి ఆ తారల పక్కన కట్టడానికి కుదిరిన జత లేదు, అంతే.

మన వంతు 2019లో వచ్చింది. పుణే సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి, తొలి సీజన్లో పద్దెనిమిది మ్యాచుల్లో పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత మనోలో మార్కెస్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి జట్టు కట్టాడు. అది ఒక కొలిక్కి వచ్చాకే, 2021లో, బార్తొలొమ్యూ ఒగ్బెచేను తెచ్చారు. నైజీరియా వాడు. 2002 ప్రపంచ కప్ నాటికి పదిహేడేళ్లు, హైదరాబాద్ జట్టులో చేరేనాటికి ముప్ఫై ఆరు. దెల్ పియెరోలాగా పోస్టర్ కోసం కొన్న మనిషి కాదు. అప్పటికే మూడు సీజన్లుగా ఇదే లీగ్‌లో గోల్స్ కొడుతున్నవాడు. అంటే పళ్లు చూసే కొన్నారన్నమాట. ఆ సీజన్లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ కొట్టాడు.

2022 మార్చి 20, ఫతోర్డా, కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. కేరళ ముందంజలో ఉంది. 88వ నిమిషంలో సమం చేసింది ఒగ్బెచే కాదు, సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు ఆపి కప్పు తెచ్చింది లక్ష్మీకాంత్ కట్టిమణి. సీజన్ పొడుగునా బండి లాగిన పెద్దెద్దు, చివరి అంగలో పక్కెద్దు మీద భారం వేసింది. జత కుదరడం అంటే ఇదే.

మరి కూలింది ఎక్కడ? ఒగ్బెచే మరుసటి ఏడాదీ పది గోల్స్ కొట్టి 2023లో వెళ్లిపోయాడు. ఆ సీజన్లోనూ లీగ్ పట్టికలో జట్టుది రెండో స్థానం. కాబట్టి ముసలి కాళ్ల మీద నింద వేయడం అన్యాయం. కొరత పడింది గాదెలో. జీతాలు ఆగాయి, బకాయిల మీద ఫిఫా కొత్త ఆటగాళ్లను చేర్చుకోకుండా నిషేధం పెట్టింది, విదేశీయుల్లో చాలామంది సీజన్ మధ్యలోనే మూటలు సర్దుకున్నారు. 2023-24లో 22 మ్యాచులకు ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు. తారను కొనేటప్పుడు అడగాల్సింది అతని వయసెంతని మాత్రమే కాదు, కొన్న తర్వాత అందరికీ మేత వేయగలమా అని కూడా. మా ఊర్లో ఎద్దును కొన్నవాడు గడ్డివాము చూసుకోకుండా సంత నుంచి తోలుకురాడు.

2025 డిసెంబర్ 13న ముప్ఫై ఎనిమిదేళ్ల మెస్సీ వచ్చాడని జనం ఉప్పల్ స్టేడియానికి పోటెత్తారు. అప్పటికే హైదరాబాద్ ఎఫ్‌సీ యజమానుల చేతులు మారి, ఊరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది.