అశ్వారూఢ దంపతుల పటము



మహారాష్ట్ర దేశమున పెక్కు ఇండ్ల పూజామందిరములలో ఒక రంగుల పటము కనిపించును. తెల్లని గుర్రముపై తలపాగా ధరించి ఖడ్గము దూసిన వీరుడు. ఆయన ముందు, అదే గుర్రముపై, ఈటె చేతబట్టిన ఇల్లాలు. తెలియనివారు చూచినచో ఎవరో మరాఠా సర్దారు దంపతుల చిత్తరువని భ్రమపడుదురు. ఆయన జేజూరి ఖండోబా. మార్తాండ భైరవ రూపుడైన శివుడు. ఆమె మ్హాళసాదేవి. తెలంగాణమున మల్లన్నగా, కన్నడ సీమలో మైలారుడుగా భక్తులు కొలుచునది ఈ స్వామినే.

పూర్వము ఇంటి పూజకు వెండి, ఇత్తడి రేకులపై ఉబ్బెత్తుగా దిద్దిన స్వామి రూపము ఉండెడిది. 1878లో పూనాలో చిత్రశాల, 1894లో బొంబాయిలో రవివర్మ ముద్రణాలయము వెలసిన పిదప దేవతల పటములు బీదల గుడిసెలకు సైతము చేరినవి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతిపలకను సిద్ధపరచి, ఒకే కాగితముపై వరుసగా అద్దుట ఆనాటి పద్ధతి. రాతిపై నుండి దిగివచ్చిన దేవుడే కదా!

పటములోనిది మణి, మల్లాసురులతో జరిగిన యుద్ధము. దేవి ఈటెతో ఒక అసురుని రొమ్ము పొడుచుచున్నది. కుక్క వాని తొడ కరచుచున్నది. రెండవవాడు గుర్రపు కళ్లెము పట్టి గద ఎత్తినాడు. ఓడిన మణి పశ్చాత్తాపముతో తన తెల్లని గుర్రమును స్వామికి సమర్పించి, ఆయన సన్నిధిలో తనకును చోటు వేడెనని మల్హారి మాహాత్మ్యము చెప్పును. ఆ దంపతులను మోయుచున్నది శత్రువు కానుకయే!

ఇంతకును నన్ను చాలకాలము బాధించిన ప్రశ్న ఒకటున్నది. స్వామికి బాణాయి అను మరియొక దేవి కలదు. ఆమె ఈ గుర్రముపై లేదేమి? మ్హాళస నేవాసా వర్తకుని కుమార్తె. బాణాయి ధనగరుల, అనగా గొఱ్ఱెలకాపరుల ఆడుబిడ్డ. స్వామి మ్హాళసతో పాచికలాడి ఓడి, కొండ విడిచి, బాణాయి ఇంట గొఱ్ఱెలు కాచెనని జానపదులు పాడుదురు. జేజూరిలో ఆమె గుడి కొండ మెట్లదారి నడుమనే ఉన్నది, పైన కాదు. ఇందూరు హోల్కరు వంశకర్త మల్హారరావు (1693–1766) ధనగరుడే. స్వామి పేరే ఆయన పేరు. జేజూరి ఆలయ నిర్మాణమునకు ఆ వంశము విరివిగా ధనమిచ్చినది. గుర్రమెక్కి రాజ్యమేలినది కాపరుల బిడ్డలు. పటములో గుర్రమెక్కినది వర్తకుని బిడ్డ!

కులగర్వమే కారణమని తొందరపడి అనజాలను. చిత్రకారుడు అనుసరించినది సంస్కృత మాహాత్మ్యములోని యుద్ధఘట్టమును. అందు దేవి పార్వతీ స్వరూపిణియగు మ్హాళస. బాణాయి కథ యుద్ధానంతరము, పాటలలో వచ్చును. పాటకు అచ్చుయంత్రము ఆలస్యముగా అందినది. అయినను, లక్షల ఇండ్లలో నిత్యము దీపము వెలుగు పటములో ఒకరికి చోటు లేకపోవుట చిన్న విషయమని నాకు తోచదు.

మన కొమురవెల్లికి వెళ్లినవారు ఈ భేదమును కన్నులారా చూడగలరు. అక్కడ మల్లన్నకు ఒకప్రక్క బలిజ మేడలమ్మ, మరొకప్రక్క గొల్ల కేతమ్మ కొలువైయున్నారు. వర్తకుల బిడ్డయు, కాపరుల బిడ్డయు ఒకే గద్దెపైన, ఒకే పసుపు బండారిలో.