పొగ ఒకటే, ఊపిరితిత్తులు వేరు

చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని పీల్చే అడ్డపొగ గురించి భోగాపురం వంటి ఉత్తరాంధ్ర తీరప్రాంతాల పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. డెన్మార్క్‌కు చెందిన పింద్‌బోర్గ్, మన దేశ పరిశోధకులతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, ఆ పొగ అంగిలికి చేసే హానిని 1971లో ప్రకటించారు. అంగిలిని దీపపు వెలుగులో చూడవచ్చు. ఊపిరితిత్తులను అలా చూడలేము కదా!

ఏళ్ల తరబడి ఒకే పొగను పీల్చిన ఇద్దరిలో ఒకరికే ఆయాసం రావడానికి కారణమేమిటి? తొలి గట్టి ఆధారం 1963లో స్వీడన్‌లో దొరికింది. లారెల్, ఎరిక్‌సన్ అనే వైద్యులు సుమారు 1,500 రక్తనమూనాలను పరిశీలించగా, ఐదింటిలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ లోపం కనిపించింది. ఊపిరితిత్తులను కాపాడే ప్రోటీన్ అది. ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్న వయసులోనే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చేది. పొగతాగేవారిలో వాయుకోశాలు సాధారణంగా ఊపిరితిత్తుల పైభాగాన ఎక్కువగా నశిస్తాయి. ఈ లోపమున్నవారిలో తరచుగా అడుగుభాగాన నశిస్తాయి. ఆ తేడాను చూపేది చిత్రమే.

అయితే ఈ లోపం ఉన్నవారు కొద్దిమందే. మిగిలిన రోగుల సంగతేమిటి? గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష, గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో చెబుతుంది. శ్వాసనాళాల గోడలు మందమయ్యాయా, వాయుకోశాలు శిథిలమయ్యాయా అన్నది విడదీసి చెప్పదు. వేర్వేరు జబ్బులను ఒకే గాట కట్టి జన్యువులను వెదికితే అసలు జాడ మరుగున పడుతుంది.

ఈ చిక్కును విప్పినది సీటీ స్కాన్. 1971లో తొలి రోగిని చిత్రించిన ఈ యంత్రపు రూపకర్త హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఉన్న కొలమానంలో నీటికి 0, గాలికి −1000. ఊపిరితిత్తుల్లో −950 కంటే దిగువన ఉన్న భాగమెంతో లెక్కించి ఎంఫిసీమాను అంచనా వేస్తారు. చిత్రం అంకెగా మారింది. ఆ అంకెను జన్యువులతో పోల్చి చూడడం సాధ్యమైంది.

అమెరికాలో జరిగిన సీఓపీడీజీన్ అధ్యయనం 10,000 మందికి పైగా స్కాన్‌లను, జన్యువులను ఇలాగే పోల్చింది. వారు శ్వేతజాతీయులు, ఆఫ్రికన్ అమెరికన్లు. అత్యధికులు సిగరెట్ తాగినవారు. కట్టెలపొయ్యి ముందు, అడ్డపొగలో జీవితం గడిపిన మన తల్లుల ఊపిరితిత్తులు ఆ లెక్కలోకి రాలేదు. అందుచేత అక్కడి ఫలితాలను మనకు యథాతథంగా అన్వయించుకోరాదు.

మీ ఇంట ఎవరికైనా చిన్న వయసులోనే ఎంఫిసీమా వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. ఆల్ఫా-1 రక్తపరీక్ష గురించి అడగండి. అవసరం లేకుండా సీటీ తీయించుకోవద్దు. మీ జన్యువులు ఎలాంటివైనా, చుట్టను, పొయ్యి పొగను దూరం చేయడానికి ఏ పరీక్షా ఫలితం కోసమూ ఎదురుచూడనక్కరలేదు.