విహంగ చిత్రగ్రంథముల పుట్టుపూర్వోత్తరములు

పక్షుల చిత్రములతో వెలసిన ప్రాచీన గ్రంథములు నేడింత దుర్లభములగుటకు ఒక మూలము అవి చందాదారుల ధనముతో, విడివిడి సంచికలుగా, ఏండ్ల తరబడి వెలువడుట.

వీనిలో అగ్రగణ్యమైనది జాన్ జేమ్స్ ఆడుబన్ యొక్క ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’. ప్రతి పక్షిని నిజపరిమాణమున చూపవలెనను పట్టుదలతో ఆయన సుమారు 39 అంగుళముల పొడవును 26 అంగుళముల వెడల్పును గల కాగితము నెన్నుకొనెను. అందును ఇమడని ఫ్లెమింగోను మెడ క్రిందికి వంచి చిత్రింపవలసి వచ్చెను. అమెరికాలో ఆదరణ కొరవడగా 1826లో బ్రిటనుకు పోయెను. ఎడిన్‌బరోలో లైజార్స్ అను చెక్కడపువాడు తొలి పది రాగిఫలకములను చెక్కినపిమ్మట, రంగులద్దువారు సమ్మె చేయుటచే పని లండనులోని హావెల్ అను చెక్కడపువాని చేతికి వచ్చెను. ఫలకముపై చెక్కిన చిత్రమును కాగితమునకెక్కించి, ఒక్కొక్క ప్రతికి చేతితోనే రంగులద్దుచుండిరి. సంచికకు పెద్దపక్షి ఒకటి, నడితరముది ఒకటి, చిన్నవి మూడు చొప్పున 1827 మొదలు 1838 వరకు 87 సంచికలలో 435 చిత్రములు వెలువడెను. సంచిక వెల రెండు గినీలు. మొత్తము 174 గినీలు. నడుమ చందా మానినవారు పెక్కుండుటచే సంపూర్ణప్రతులు 200కు లోబడియే నిలిచెను. 2010లో లండను వేలమున ఒక ప్రతి 73 లక్షల పౌన్లకు పైగా పలికెను.

చెన్నపట్టణమున 1843-47 నడుమ వెలువడిన జెర్డన్ అను వైద్యుని పక్షిగ్రంథము పరిమాణమున చిన్నదైనను, ఆ 50 చిత్రముల కూర్పు మనకు ఆత్మీయమైనది. గ్రంథకర్త నెల్లూరున సివిల్ సర్జనుగా పనిచేసినవాడు, చిత్రకారులలో భారతీయులును గలరు.

ప్రతిని కొనదలచినవాడు మొదట చిత్రముల నన్నిటిని లెక్కించును. ఆడుబన్ పుటనైనచో వెలుతురునకెత్తి, కాగితములోని ‘వాట్‌మన్’ నీటిముద్రను, దాని ప్రక్కనుండు సంవత్సరమును వెదకి, పుట నాటిదేయని తేల్చుకొనును. చిత్రములను లెక్కించుట యేలయనగా, గోడలకు తగిలించుకొను బొమ్మలుగా విడివిడిగా అమ్మినచో లాభమధికమని పెక్కు సంపుటములను వర్తకులు విప్పివైచిరి. ఆడుబన్ చిత్రించిన కరోలినా చిలుకయు, పాసెంజరు పావురమును నేడు భూమిపై లేవు. కావున సంపుటమును విప్పువాడు ధనము గడించును గాని, ఒక ఖండమున నాడు మనియుండిన పక్షికులమునకు గల అరుదైన సాక్ష్యములలో నొకదానిని చెదరగొట్టినవాడగును.