అమ్మమ్మ మానేసిన నెయ్యి

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నాకు మూత్రపిండంలో రాయి వచ్చింది. పాత పత్రికల కోసం నేను రోజూ వెళ్లే గ్రంథాలయంలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చేదాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఉన్నట్టుండి అంది: "మీ అమ్మమ్మకీ ఇలాగే నడుం పక్కనించి పొత్తికడుపులోకి నొప్పి దిగేది. అందరూ రాయనే అనుకున్నారు. రాయి కాదే. ఆవిడకి పాలలా పోయేది."

అమ్మమ్మ పోయి అప్పటికి పన్నెండేళ్లు. ఆవిడ జబ్బు గురించి ఇంట్లో నేను విన్న మొదటి మాట అది.

అమ్మమ్మ 1950ల్లో పెళ్లయి ధవళేశ్వరం వచ్చింది. నాకు తెలిసిన అమ్మమ్మ నెయ్యి వేసుకునేది కాదు. పండక్కి గారెలు వండి అందరికీ పెట్టి తను మాత్రం మజ్జిగన్నం తిని లేచేది. ఏదో మొక్కు ఉందనుకున్నారు అందరూ. ఆవిడా కాదనలేదు. అసలు సంగతి అమ్మకొక్కదానికే తెలుసు. నెయ్యి, నూనె తిన్నాక మూత్రం మరీ తెల్లగా, ఒక్కోసారి పెరుగు తరకల్లా గడ్డలు కట్టి పోతుందనీ, ఉపవాసమున్న రోజున తేటపడుతుందనీ అమ్మమ్మ తనంతట తనే కనిపెట్టింది. ఎవరూ లేవకముందే పెరట్లోకి వెళ్లొచ్చేది. మనిషి మాత్రం ఏటికేడాది చిక్కిపోయింది.

వైద్యులు దీన్ని కైలూరియా అంటారు. మన ప్రాంతాల్లో దీనికి ముఖ్యకారణం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే. దారాల్లాంటి ఆ పురుగులు శోషరస నాళాల్లో ఉంటాయి. నాళాలు దెబ్బతిని, ఉబ్బి, కొద్దిమందిలో మూత్రమార్గంలోకి చిట్లుతాయి. పేగుల నుంచి కొవ్వును మోసుకెళ్లే తెల్లటి రసం అలా మూత్రంలో కలుస్తుంది. ఒంట్లోని కొవ్వూ, మాంసకృత్తులూ బయటికి పోతాయి. గడ్డలు అడ్డుపడితే రాయి నొప్పిలాంటి నొప్పే వస్తుంది. కొవ్వు తగ్గించి తినమని వైద్యులు ఇప్పటికీ చెప్తారు. అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే అక్కడికి చేరుకుంది.

ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. 1863లో పారిస్‌లో దెమార్కే వరిబీజం నీటిలో ఈ పురుగు పిల్లల్ని మొదట చూశాడు. 1866లో బ్రెజిల్‌లోని బహియాలో వూషెరర్, 1870లో కలకత్తాలో తిమోతీ లూయిస్ వాటిని చూసింది సరిగ్గా ఇలాంటి పాల మూత్రంలోనే. 1872లో లూయిస్ రక్తంలోనూ కనుక్కున్నాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో మాన్సన్ దోమ పాత్రని బయటపెట్టాడు. కలకత్తాలో భూతద్దం కిందికెక్కి వైద్యచరిత్ర అయిన ఆ మూత్రమే, ధవళేశ్వరంలో ఒక కోడలు చీకట్లో దాచుకోవలసినదయింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది. ఆ కథ అందరికీ తెలుసు. ఈ పురుగుని మోసే క్యూలెక్స్ దోమ పారే కాలవలో కంటే మురుగ్గుంటల్లో, ఇళ్ల వెనక తూముల్లో పెరుగుతుంది. అంటే ఆడవాళ్లు అంట్లు తోముకునే చోట. జబ్బు ఇక్కడ ఎంత పాతుకుపోయిందంటే ఫైలేరియా శిక్షణకీ పరిశోధనకీ రాజమండ్రిలో ప్రత్యేకంగా కేంద్రమే పెట్టారు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పురుగు పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కనుక రాత్రిళ్లు ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి రక్తం తీసేవారు. "రాత్రి పదింటికి మగవాళ్లొచ్చి తలుపు కొడితే కోడళ్లు బయటికొస్తారా? మీ తాతయ్యా, మావయ్యా ఇచ్చేవాళ్లు" అంది అమ్మ. పురుగు బయటపడిన తాతయ్యకి మాత్రలిచ్చారు.

కాలు వాస్తే లోకానికి కనిపిస్తుంది. వరిబీజం మీద అరుగుల దగ్గర హాస్యాలాడుకుంటారు. అమ్మమ్మ జబ్బుకి వాపూ లేదు, పేరూ లేదు. ఒక్కసారి అత్తగారికి చెప్పుకుంటే ఆవిడ "తెల్లబట్టేలే, ఆడాళ్లందరికీ ఉండేదే" అందట. ఆ ఒక్క మాటతో మూత్రమార్గం జబ్బు కాస్తా గర్భసంచి వ్యవహారమైంది, చెప్పుకోకూడనిదైంది. ఆ అత్తగారి వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. పిండి కలిపిన నీళ్లలా పోయే మూత్రాన్ని పిష్టమేహమని సుశ్రుతుడు ఎప్పుడో వేరుగా లెక్కపెట్టాడు. కానీ నెలనెలా రజస్సుతో దోషాలన్నీ పోతాయి కనుక స్త్రీలకి ప్రమేహాలు రావన్న వాదం కూడా వ్యాఖ్యాతల చర్చల్లో ఉంది. రాదని ముందే తీర్మానించుకుంటే ఇక చూడక్కర్లేదు కదా!

తాతయ్యకిచ్చిన మందుకీ మా గోదావరికీ చుట్టరికముంది. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1947లో వచ్చిన హెట్రజాన్ అది. 1923లో బోస్టన్ చేరిన కొత్తలో ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి బతికాడు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. తిరిగి ఇంటికి రాకుండానే 1948లో పోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మందు మాత్రం డెల్టాకి తిరిగొచ్చింది. 2004 నుంచి దేశమంతా ఫైలేరియా ఉన్న జిల్లాల్లో సామూహికంగా పంచడం మొదలైంది. మా వీధిలో ఒక అంగన్‌వాడీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఆడవాళ్లని పేరు పెట్టి పిలిచి మింగించింది. అప్పటికి అమ్మమ్మ లేదు.

నా సిద్ధాంతవ్యాసం స్త్రీల ఆత్మకథల మీద. నేను చదివినవాటిలో కాన్పులున్నాయి, వైధవ్యాలున్నాయి, జైళ్లున్నాయి. మూత్రం గురించి ఒక్క వాక్యం కనబడలేదు. ఆ లోటు నాకు అప్పట్లో లోటుగా తోచనే లేదు. నేను కూడా గ్రంథాలయంలో మరుగుదొడ్డి ఏదని అడగడం మాని, నీళ్లు మానేసినదాన్నే. వ్రతమనీ, అలవాటనీ, పడదనీ చెప్పి మన ఇళ్లలో ఆడవాళ్లు మానేసినవాటి వెనక ఇంకెన్ని జబ్బులున్నాయో అడిగి రాసుకోవలసిన పని మిగిలే ఉంది.

ఇది రాస్తానంటే అమ్మ ముందు వద్దంది. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. "రాస్తే ఆ నెయ్యి సంగతి కూడా రాయి. తినాలని ఎంత ఉండేదో ఆవిడకి."