వీపు మీది మందు పంపు కారుతోందా? ముందు దాన్ని బాగు చేసుకోండి

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో ఆదోని, ఎమ్మిగనూరు వైపు పొలాలకు వెళ్తే ఒకటి తరచూ చూస్తుంటాను. వీపున పంపు ఉంటుంది, చొక్కా వెనుక భాగం నడుము దాకా తడిసి ఉంటుంది. అడిగితే "చెమట సార్" అంటారు. దగ్గరికి పోతే మందు వాసన కొడుతుంది.

నాజిల్ దగ్గర కారితే కంట పడుతుంది, వెంటనే సరిచేస్తారు. మూత దగ్గర, ట్యాంకు అడుగున కారేది మోసేవాడికి కనిపించదు. తడిసిన చొక్కా ఆ మందును గంటల తరబడి ఒంటికి అంటిపెట్టి ఉంచుతుంది. అది నడుము మీదుగా గజ్జల్లోకి దిగుతుంది. అక్కడి చర్మం ముంజేతి చర్మం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా మందును పీల్చుకుంటుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ వందల మంది రైతులు, కూలీలు ఆస్పత్రి పాలయ్యారు. సుమారు 20 మంది చనిపోయారు. అక్కడ కారణాలు చాలా ఉన్నాయి గానీ, మందు ఒంట్లోకి పోవడమే అన్నిటికీ మూలం.

అందుకే సీజన్ మొదట్లో ఒకసారి, ఆ తర్వాత మందు కొట్టే ప్రతిసారీ ముందురోజు సాయంత్రం, మంచినీళ్లతో పరీక్ష చేయండి. ట్యాంకులో గుర్తు దాకా నీళ్లు పోసి, పొడి గచ్చు మీద పాత పేపరు పరిచి దానిపై పెట్టండి. ట్రిగ్గర్ మూసే ఉంచి గట్టిగా పంపు కొట్టండి. పది నిమిషాలాగి పేపరు ఎక్కడ తడిసిందో చూడండి. తర్వాత పొలంలో మీరు వంగినట్టే పంపును ముందుకు వంచండి. సగం లీకులు ఇలా వంచినప్పుడే బయటపడతాయి.

ఎక్కువగా దొరికే దొంగ మూతే. లోపలి వాచరు ఎండకు గట్టిపడి పగులుతుంది. కొందరు పాత సైకిల్ ట్యూబును గుండ్రంగా కోసి వేస్తారు. నీళ్లకైతే పనికొస్తుంది. కానీ ఇ.సి. అని రాసి ఉండే మందుల్లో నూనెలాంటి ద్రావకం ఉంటుంది, దానికి ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆ కంపెనీ పంపుకు వచ్చే వాచరే కొనండి, టీ ఖర్చుతో పోతుంది. మూతలో గాలి పోవడానికి చిన్న రంధ్రం, దానికి బుల్లి రబ్బరు వాల్వు ఉంటాయి. వాల్వు ఊడిపోతే వంగినప్పుడల్లా మెడ మీదికి మందు చిమ్ముతుంది. అలాగని రంధ్రాన్ని పుల్లతో మూసేయకండి. గాలి అందక పంపు మందును లాగదు. వాల్వు కొత్తది వేయాల్సిందే. నిండా పోసి మూత బిగించడం కూడా తప్పే.

అడుగున కారితే పిస్టన్ చివరి గిన్నె వాచరో, ఓరింగో అరిగి ఉంటుంది. చెరువు నీళ్లు, నల్లరేగడి బురద కలిసిన కుంట నీళ్లు వడగట్టకుండా పోస్తే ఆ సన్నటి ఇసుకే వాటిని కోసేస్తుంది. పల్చటి గుడ్డతో వడగట్టండి. కొత్త ఓరింగుకు ఒక చుక్క ఆముదం రాసి బిగిస్తే చిరగకుండా కూర్చుంటుంది.

గొట్టం చివర వదులైతే పగిలిన అంగుళం ముక్క కోసేసి, చివరను వేడినీళ్లలో ముంచి ఎక్కించి క్లాంపు బిగించండి. బైండింగ్ వైరు చుడితే గొట్టం తెగుతుంది. ట్రిగ్గర్ వదిలాక కూడా నాజిల్ కారుతుంటే లోపల చెత్తో, అరిగిన ఓరింగో ఉన్నట్టే. నాజిల్ రంధ్రాన్ని పిన్నుతో పొడవకండి, నోటితో ఊదకండి. పాత టూత్‌బ్రష్ చాలు.

ట్యాంకే పగిలితే మాత్రం నాకు మొహమాటం లేదు, మార్చేయండి. ఆ ప్లాస్టిక్‌కు ఏ గమ్మూ సరిగ్గా అంటదు, కాల్చి అతికిస్తే పక్కన మళ్లీ పగులుతుంది. బ్యాటరీ పంపు అడుగున తడి కనిపిస్తే వెంటనే స్విచ్ ఆపి, బ్యాటరీ వైరు తీసేయండి.

ఏది విప్పాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కి ప్రెషర్ వదలండి. ట్యాంకును మూడుసార్లు కడగండి. ఆ నీళ్లను బావికీ కుంటకూ దూరంగా, అదే పొలంలో పోయండి. చేతులకు తొడుగులు ఉండాలి.

మందు కొడుతుండగా వీపు తడిగా తగిలితే ఆ ట్యాంకు అయిపోయేదాకా ఆగకండి. పంపు దించి, చొక్కా, పంచె తీసేసి సబ్బుతో స్నానం చేయండి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. తలనొప్పి, విపరీతమైన చెమట, నోట్లో నీరూరడం, వాంతి, చూపు మసకబారడం, ఛాతీ బిగదీయడం వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. మజ్జిగ తాగించి పడుకోబెట్టి టైం పోగొట్టకండి, బండి తనే నడుపుకుంటూ పోనివ్వకండి. మందు డబ్బా లేబుల్ వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు దానికి తగిన విరుగుడు వేయగలరు.

కూలికి మందు కొట్టేవాళ్లకు పంపు మీదే ఇస్తే, ఈ పరీక్ష కూడా మీరే చేసి ఇవ్వండి. ఒక చిన్న డబ్బాలో మూత వాచరు, రెండు ఓరింగులు, ఒక క్లాంపు, స్క్రూడ్రైవరు వేసి పంపుతోపాటే పొలానికి పంపండి. మీ పంపుకు ఏ సైజు వాచరో అంతు చిక్కకపోతే పాతది పట్టుకుని దగ్గరలోని రైతు సేవా కేంద్రానికో, స్ప్రేయర్లు బాగు చేసే షాపుకో వెళ్లండి. మందుల గురించి సందేహం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు.