దీర్ఘకాలిక వ్యాధితో ఉద్యోగం: చట్టం రక్షణ ఎవరికి, ఎంతవరకు?

జంషెడ్‌పూర్: టాటానగర్ రైల్వే స్టేషన్‌కు సమీపంలో, కంపెనీ పట్టణ పరిధికి వెలుపల ఉన్న ఆవాసం బాగ్‌బేరా. జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు చెందిన ఈ ప్రాంతంలో రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ఉన్నాయి. ఖర్కాయీ నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలోని చిన్న కర్మాగారాలకు పనికి వెళ్లేవారూ ఉన్నారు. ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ ఉపాధి కోసం తరాల క్రితమే తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు జంషెడ్‌పూర్ పరిసరాలు సొంత ఊరితో సమానం.

ఇటువంటి చోట ఒకే వీధిలో ఉంటున్న ఇద్దరిని ఉదాహరణకు తీసుకోవచ్చు. ఒకరు ఆగ్నేయ రైల్వే చక్రధర్‌పూర్ డివిజన్‌లో లోకో పైలట్. మరొకరు ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టర్ కింద పనిచేసే కార్మికుడు. ఇద్దరికీ ఒకే నెలలో మూర్ఛ వ్యాధి ఉన్నట్లు తేలిందనుకుంటే, మొదటి వ్యక్తి ఇంజిన్ దిగవలసి వస్తుంది గాని ఉద్యోగం నిలుస్తుంది, జీతం గ్రేడు తగ్గదు. రెండవ వ్యక్తికి మాత్రం మరుసటి రోజు గేటు పాసు ఇవ్వకపోతే చాలు, కథ ముగిసినట్లే. వ్యాధి ఒక్కటే అయినా ఫలితాలు వేరు. దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తులపై వివక్షకు సంబంధించిన భారతీయ చట్టాలను అర్థం చేసుకోవాలంటే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

రైల్వే పద్ధతి

రైల్వేలో ప్రతి ఉద్యోగానికీ ఒక వైద్య వర్గం నిర్ణయించి ఉంటుంది. ఇంజిన్ నడిపేవారు ఏ-1, స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మన్‌లు ఏ-2, లెవెల్ క్రాసింగ్ గేట్‌మన్‌లు ఏ-3 వర్గంలోకి వస్తారు. గుమాస్తా పనులు చేసేవారిది సీ-2. ఈ విభజన వెనుక ఉన్న తర్కం గమనించదగినది. ‘ఏ’ వర్గానికి పరీక్షలు ప్రజల భద్రత కోసం, ‘బీ’ వర్గానికి ఉద్యోగి, అతని సహోద్యోగుల భద్రత కోసం, ‘సీ’ వర్గానికి కేవలం పాలనా అవసరం కోసం. అంటే ఒక వ్యాధి ఉద్యోగానికి అడ్డు అవునా కాదా అన్న ప్రశ్నకు ముందు, ఎవరి భద్రత కోసం అడుగుతున్నాం అన్న ప్రశ్నను ఈ నిబంధనలే వేసుకున్నాయి. ప్రైవేటు కార్యాలయాల్లో వైద్య పరీక్ష పేరుతో జరిగే వడపోతల్లో చాలావరకు కనిపించనిది సరిగ్గా ఇదే.

ఏ వర్గాల ఉద్యోగులకు 45 ఏళ్ల వయసు వరకు 4 సంవత్సరాలకు ఒకసారి, 55 ఏళ్ల వరకు 2 సంవత్సరాలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. అందులో విఫలమైతే ఉద్యోగి వైద్య వర్గాన్ని తగ్గిస్తారు. దీనినే రైల్వే పరిభాషలో మెడికల్ డీకేటగరైజేషన్ అంటారు. అలాంటి ఉద్యోగిని ఇంటికి పంపించరు. అదే గ్రేడులో అదనపు పోస్టు, అంటే సూపర్‌న్యూమరరీ పోస్టు, సృష్టించి అందులో ఉంచి, అనువైన మరో ఉద్యోగం కోసం స్క్రీనింగ్ జరుపుతారు. లోకో పైలట్‌కు పరుగు భత్యం పోతుంది కనుక, కొత్త పోస్టులో జీతం నిర్ణయించేటప్పుడు మూల వేతనంపై 30 శాతం కలుపుతారు. నష్టం పూర్తిగా తీరదు. కిలోమీటర్ల లెక్కన వచ్చే ఆదాయానికి, ఇంజిన్ మీద ఉన్న హోదాకు అలవాటుపడిన మనిషి షెడ్డులో ఒక మూల కుర్చీకి పరిమితం కావడం చిన్న విషయం కాదు. అయినా ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

చట్టం ఏం చెబుతోంది

ఈ రక్షణకు చట్టబద్ధమైన పునాది 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షన్. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదనీ హోదా తగ్గించరాదనీ అది శాసించింది. దీనిని పాటించి తీరవలసిందేనని 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, ఇదే సూత్రాన్ని 20వ సెక్షన్ 4వ ఉపసెక్షన్‌లో కొనసాగించింది. పాత పోస్టుకు పనికిరాకపోతే అదే వేతన శ్రేణిలో వేరే పోస్టు, అది దొరకకపోతే దొరికే వరకు లేదా పదవీ విరమణ వరకు సూపర్‌న్యూమరరీ పోస్టు ఇవ్వాలి.

కొత్త చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తులకు ముఖ్యమైన మార్పు ఇదే. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటి దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధులు, హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధి అనే రక్త రుగ్మతలు జాబితాలో చేరాయి. సికిల్‌సెల్ చేరడం జార్ఖండ్‌కు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని గిరిజన ప్రాంతాలకు ప్రత్యేకంగా వర్తించే విషయం. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పెద్దఎత్తున రక్త పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్షలో తేలిన వ్యాధి రేపు ఉద్యోగ దరఖాస్తులో ప్రశ్నగా మారకుండా చూడవలసిన బాధ్యత కూడా ఆ పరీక్షల వెంటే వస్తుంది.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, క్షయ వంటి సర్వసాధారణ వ్యాధుల పేర్లు ఆ జాబితాలో లేవు. అంతమాత్రాన తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. నాడీ వ్యాధుల వద్ద చట్టం ‘వంటి’ అన్న పదం వాడింది. పైగా, సమాజంలో ఇతరులతో సమానంగా పాల్గొనడానికి ఆటంకమయ్యే దీర్ఘకాలిక శారీరక, మానసిక లోపం ఉన్న ఎవరినైనా చట్టం దివ్యాంగులుగా నిర్వచించింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు ఈ నిర్వచనంపైనే ఆధారపడింది. చేతివేళ్లు బిగుసుకుపోయే నాడీ సమస్య ఉన్న అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో పరీక్షలో లేఖరిని నిరాకరించడం చెల్లదని పేర్కొంది. 40 శాతం కొలమానం రిజర్వేషన్ వంటి ప్రత్యేక ప్రయోజనాలకే తప్ప, సహేతుకమైన సర్దుబాటు కోరే హక్కుకు కాదని తేల్చింది. సర్దుబాటు అంటే యజమానిపై మోయలేని భారం పడకుండా చేయగలిగిన మార్పు. రాత్రి షిఫ్టు తప్పించడం, ఇన్సులిన్ తీసుకోవడానికి విరామం ఇవ్వడం, డయాలిసిస్ రోజున పనివేళలు మార్చడం వంటివి.

అదే ఏడాది డిసెంబరులో మానసిక వ్యాధికి సంబంధించిన మరో తీర్పు వెలువడింది. సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో, ఉద్యోగి ప్రవర్తనకు వ్యాధి ఒక్కటే కారణం కానక్కరలేదనీ, కారణాల్లో ఒకటైనా క్రమశిక్షణ చర్య వివక్ష కిందకు వస్తుందనీ కోర్టు నిర్ధారించింది. దుష్ప్రవర్తన పేరుతో వ్యాధిగ్రస్తులను శిక్షించే అలవాటున్న సంస్థలన్నింటికీ ఈ తీర్పు వర్తించే పాఠం.

ఆర్టీసీ డ్రైవర్ కేసు

తెలుగు నేలకు సంబంధించి ఇటీవలి కాలంలో చెప్పుకోదగిన తీర్పు 2025 ఆగస్టు 1న వచ్చింది. సీహెచ్ జోసెఫ్ వర్సెస్ తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ కేసు అది. 2014లో డ్రైవర్‌గా చేరిన ఉద్యోగికి వైద్య పరీక్షలో వర్ణాంధత్వం ఉన్నట్లు తేలింది. వేరే ఉద్యోగం ఇవ్వాలని అడిగినా ఫలితం లేక, 2016 జనవరిలో ముందస్తుగా విరమణ చేయించారు. వర్ణాంధత్వం 1995 చట్టంలోని వైకల్యాల జాబితాలో లేదన్నది సంస్థ వాదన. వర్ణాంధత్వం నయమయ్యే లేదా ముదిరే వ్యాధి కాకపోయినా, జాబితాలో లేని ఆరోగ్య స్థితి కారణంగా ఉద్యోగం కోల్పోయిన వారందరి సమస్యా ఇందులో ఉంది.

జస్టిస్ జె.కె. మహేశ్వరి, జస్టిస్ అరవింద్ కుమార్ ధర్మాసనం ఆ వాదనను అంగీకరించలేదు. వర్ణాంధత్వం వచ్చిన డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇస్తామని 1979లో కార్మికులతో కుదిరిన ఒప్పందం సంస్థను కట్టడి చేస్తుందని చెప్పింది. ప్రత్యామ్నాయ పోస్టు కోసం నిజంగా ప్రయత్నించామని నిరూపించుకోవలసిన బాధ్యత యజమానిదేనని పేర్కొంది. అదే వేతన శ్రేణిలో 8 వారాల్లో తగిన ఉద్యోగం ఇవ్వాలని, బకాయిల్లో 25 శాతం చెల్లించాలని ఆదేశించింది. గెలుపే, కానీ తొమ్మిదిన్నరేళ్ల తర్వాత. నాలుగు దశాబ్దాల కిందటి యూనియన్ ఒప్పందం కాగితం ఒకటి భద్రంగా ఉండబట్టి ఆ గెలుపు సాధ్యమైందన్నది మరచిపోరానిది.

గేటు బయట ఉన్నవారు

ఇక ఆదిత్యపూర్ కాంట్రాక్టు కార్మికుడి సంగతి. 20వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. ప్రైవేటు సంస్థలకు చట్టం అప్పగించింది ప్రధానంగా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించే బాధ్యత. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే అందులో దివ్యాంగులకు అనువైన పోస్టులను గుర్తించాలి, ఒక లైజన్ అధికారిని నియమించాలి. చిన్న యూనిట్ల గోడలపై ఆ విధానపత్రం కోసం వెతకడం వృథా ప్రయాస అనిపించవచ్చు. అయినా ఫిర్యాదుకు మొదటి ఆధారం అదే.

పారిశ్రామిక వివాదాల చట్టంలో మరో చిక్కు ఉంది. నిరంతర అనారోగ్యం కారణంగా సేవలు ముగిస్తే అది ‘రిట్రెంచ్‌మెంట్’ కిందకు రాదని 1947 చట్టం నిర్వచించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ మినహాయింపును అలాగే ఉంచింది. రిట్రెంచ్‌మెంట్ కాకపోతే దానికి దక్కే పరిహారమూ లేదు. యజమానులు ‘అనారోగ్యం’ అన్న మాటను అంత సులభంగా వాడటానికి ఇది ఒక కారణం.

మరోవైపు, ఈఎస్‌ఐ చందా కట్టే కార్మికుడికి కొంత అండ ఉంది. నెలకు రూ.21,000 వరకు, దివ్యాంగులైతే రూ.25,000 వరకు వేతనం ఉన్నవారు దీని పరిధిలోకి వస్తారు. ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యం లభిస్తుంది. క్యాన్సర్, క్షయ వంటి నిర్దేశిత 34 దీర్ఘవ్యాధులకు ఇది 80 శాతం చొప్పున 2 సంవత్సరాల వరకు పొడిగించవచ్చు. ఆ భత్యం పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించరాదని, శిక్షించరాదని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ నిర్దేశించింది. అందువల్ల సెలవును నోటిమాటగా కాక ఈఎస్‌ఐ వైద్యుడి ధ్రువపత్రంతో పెట్టడం కార్మికుడికి ఎంతో మేలు.

ప్రైవేటు యజమానిని నేరుగా నిలదీయగల చట్టం ఒకే ఒక వ్యాధి విషయంలో ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతున్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, ఉద్యోగానికి ముందు హెచ్ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని నిషేధించింది. తొలగించాలంటే స్వతంత్ర వైద్య నిపుణుడి లిఖిత నివేదికను, తనకు ఎదురయ్యే ఇబ్బంది ఏమిటో తెలిపే ప్రకటనను యజమాని ఉద్యోగికి అందజేయాలి. ఫిర్యాదుల కోసం రాష్ట్రాల్లో అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఈ చట్టానికి బాట వేసిన 1997 నాటి బొంబాయి హైకోర్టు కేసులో రోజుకూలీ కార్మికుడు తన పేరు కూడా బయటపెట్టలేక ‘ఎంఎక్స్’గానే పోరాడాడు. మధుమేహానికో, మూత్రపిండాల వ్యాధికో ఇలాంటి చట్టం ఎందుకు ఉండరాదన్న ప్రశ్నకు సమాధానం లేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయంలో పరిస్థితి భిన్నం. 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకూ అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుంది. 2008లో చేసిన సవరణ ప్రకారం, వచ్చిపోయే వ్యాధులు, ప్రస్తుతం నెమ్మదించిన వ్యాధులు కూడా రక్షణ పరిధిలోకి వస్తాయి. మూర్ఛ అలాంటిదే.

ఫిర్యాదు మార్గం

సర్దుబాటు కోరే విజ్ఞప్తిని లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవడం మొదటి మెట్టు. రైలు నడపడం వంటి భద్రతతో ముడిపడిన ఉద్యోగాల్లో వ్యాధిని దాచడం ఉద్యోగికే చేటు. ఆ అవసరం లేని పనుల్లో మాత్రం వ్యాధి పేరు కంటే కావలసిన మార్పు ఏమిటో చెప్పే వైద్యపత్రం చాలుతుంది. ఒత్తిడితో రాజీనామాపై సంతకం పెడితే తర్వాత తొలగింపును సవాలు చేయడం కష్టమవుతుంది. ప్రభుత్వ సంస్థల్లో 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆ పైన, కేంద్ర సంస్థలైన రైల్వే వంటి వాటిపై ఢిల్లీలోని ముఖ్య కమిషనర్‌కు, రాష్ట్ర పరిధిలోని వాటిపై రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వీరివి సిఫార్సులే అయినా, సాక్షులను పిలిపించడంలోనూ పత్రాలు రప్పించడంలోనూ వీరికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

తొలగించిన కార్మికుడు కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారిని ఆశ్రయించి, 45 రోజుల్లో పరిష్కారం రాకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టం కింద ఇందుకు 3 సంవత్సరాల గడువు ఉండేది. కొత్త కోడ్ దానిని 2 సంవత్సరాలకు తగ్గించింది.